టైలరమ్మ తీయించిన తలుపు

బుధవారం ప్రార్థన కూడికలో పాస్టరుగారు ప్రసంగం కుదించి షార్ట్ ఫిల్ములు వేయడం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ దిగులుపడింది టైలరమ్మే. సినిమాలంటే ఆమెకు పట్టింపేమీ లేదు. భర్తకు ఆరేళ్లుగా చూపు లేదు, అదీ చిక్కు. ఆయన పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. ఇప్పటికీ చేతికి పుస్తకం ఇస్తే కుట్టు ఎక్కడ వదులైందో తడిమి చెబుతాడు. ప్రసంగమైతే వింటాడు, తెర మీది బొమ్మల్ని ఏం చేసుకుంటాడు?

“బుధవారాలు ఇంట్లోనే ఉండిపోదామా?” అని అడిగింది.

“ఎందుకు? నీకు నోరుందిగా. నలభై ఏళ్లుగా వింటున్నాను, బాగానే పనిచేస్తోంది” అన్నాడాయన.

అలా ఇద్దరూ చివరి వరసలో గోడవారగా కూర్చునేవారు. ఆమె ఆయన చెవిలో సినిమా చెప్పేది. మొదటివారం తడబడింది. మూడోవారానికి ఎవరు ఏ రంగు కోటు తొడుక్కున్నారో, ఆ కోటు కాలరు ఎంత అధ్వాన్నంగా కుట్టారో కూడా చెప్పేసింది. ముందు వరసవాళ్లు తెర వైపు కళ్లు, ఆమె వైపు చెవులు పెట్టసాగారు.

నాలుగో బుధవారం వేసినది ఎనిమిది నిమిషాల సినిమా. మాటలు లేవు. అన్నదమ్ములిద్దరి ఇళ్లకు మధ్య ఒకటే గోడ, ఏళ్ల తరబడి పలకరింపుల్లేవు. ఒకరోజు తమ్ముడు వానలో తడుస్తూ వచ్చి అన్న తలుపు తట్టాడు. లోపల అన్న లేచాడు, గొళ్లెం మీద చెయ్యి వేశాడు. అక్కడే ఆగిపోయాడు. సినిమా అయిపోయింది.

టైలరమ్మకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

“తీశాడండీ. తమ్ముణ్ణి లోపలికి లాక్కున్నాడు. తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాడు” అంది.

“అమ్మయ్య” అన్నాడాయన, ఆమె చెయ్యి నొక్కుతూ.

లైట్లు వెలిగాయి. పాస్టరుగారు సినిమాతోపాటు వచ్చిన ప్రశ్నల కాగితం తీశారు. “అన్న తలుపు ఎందుకు తీయలేదంటారు?”

ఎప్పటిలాగే అందరూ తల దించుకున్నారు. బైండింగ్ మాస్టారు చెయ్యెత్తాడు.

“తీశాడు కదండీ. తువ్వాలు కూడా ఇచ్చాడు.”

పాస్టరుగారు కాగితం చూశారు, ఖాళీ తెర చూశారు. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. టైలరమ్మ లేచి నిలబడింది.

“తీయలేదండీ. నేనే తీయించాను. ఆ తమ్ముణ్ణి వానలో వదిలేశాడని ఈయనకు చెప్పలేకపోయాను. ప్రార్థనలో కూర్చుని మరీ అబద్ధమాడాను.”

కూర్చున్నాక ఆమెకు భర్త ముఖం చూడాలంటే భయమేసింది. ఆయనకున్నవి ఆమె కళ్లే కదా. ఆయన ఆమె వైపు తిరిగి అడిగాడు.

“గొళ్లెం మీద చెయ్యి పెట్టాడన్నావు. అదైనా నిజమేనా?”

“నిజమేనండీ. వేళ్లు వణికాయి కూడా.”

“అయితే నువ్వు కాస్త తొందరపడ్డావు, అంతే. తీసేవాడే.”

“తీయడు మాస్టారూ” అన్నాడు మధ్య వరసలోంచి బస్సు డ్రైవరు. ఏ కూడికలోనూ ఆయన నోరు విప్పింది లేదు. “నేను తీయలేదు. మూడేళ్లయింది. మా తమ్ముడు బయట నిలబడే ఉన్నాడు. వాడు మెట్లు దిగిపోయేదాకా నేను తలుపు వెనకే ఉన్నాను.”

పాస్టరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నారు. మిగతా ప్రశ్నలు ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు. డ్రైవరు ఆగి ఆగి చెబుతుంటే అందరూ విన్నారు.

ఇంటికి నడుస్తూ టైలరమ్మ అడిగింది. “కోపమొచ్చిందా?”

“వచ్చింది. ఈ ఆరేళ్లలో ఇంకెన్ని తలుపులు తీయించావో చెప్పు.”

ఆమె ఆలోచించింది. “ఎదురింటి గులాబీ బాగా పూస్తోందంటున్నానా, అది ఎండిపోయి రెండేళ్లయింది.”

“అది నాకెప్పుడో తెలుసే. వాసన రావద్దూ?” అని ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

తరువాతి బుధవారం డ్రైవరు రాలేదు. సెలవు పెట్టి తమ్ముడి ఊరికి వెళ్లాడని కబురు పంపాడు. పాస్టరుగారు తెర పక్కన ఒక కుర్చీ వేసి, అందరికీ వినబడేలా సినిమా చెప్పమని టైలరమ్మను అడిగారు. చూపు ఆననివాళ్లు ఇంకో ఇద్దరున్నారని అప్పుడే తెలిసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మాస్టారి షరతు. ఆమె దాన్ని మీరలేదు, తలుపులు తెరుచుకోని సినిమాలప్పుడు కూడా.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నాక మాత్రం ఆయన కంచం దగ్గరికి లాక్కుంటూ అడుగుతాడు. “ఇక చెప్పు. నీ సినిమాలో ఏమైంది?”