417 నంబరు బిళ్ల

నేను ఒక ఇత్తడి బిళ్లను. నెత్తిన మేకుకు తగిలించే చిల్లు, నడుమ 417 అన్న అంకె. నన్నిస్తే ఏ కొట్లోనూ గుప్పెడు పుట్నాలు కూడా రావు. అయినా నన్ను చూడటం మరిచిపోతే మనిషి ప్రాణం పోవచ్చు.

ఒక బొగ్గు గని వర్క్‌షాపులో పుట్టాను. నన్ను ఓదెలు అనే కార్మికుడికిచ్చారు. గని పద్ధతి తేలిక. దిగేటప్పుడు బిళ్ల అప్పగించి తలదీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం అప్పగించి, నంబరు చెప్పి బిళ్ల తీసుకోవాలి. మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. మనుషులు నోటికొచ్చింది చెబుతారు గానీ మాకా విద్య రాదు.

నా పక్క మేకు ఓదెలుతో జోడీగా పనిచేసే రాజమొగిలిది. ఒకనాడు షిఫ్టు అయ్యాక రాజమొగిలి ముందే పోయి ఉంటాడనుకుని, ఓదెలు పక్క మేకు వైపు చూడకుండా నన్ను తీసుకుని ఇంటికి నడిచాడు. అప్పటికే లోపల పైకప్పు కూలింది. దాని కింద రాజమొగిలి చాలాసేపు బతికే ఉన్నాడట. ఓదెలు తనను తాను క్షమించుకోలేదు. రిటైరయ్యాక గనివాళ్లను అడిగి మరీ నన్ను వెంట తెచ్చుకున్నాడు గానీ, మళ్లీ నేల కింద అడుగు పెట్టలేదు.

మొన్న దసరా వెళ్లాక వాళ్ల కాలనీలో పొద్దున్నే నడిచే పదకొండు మంది మినీబస్సు మాట్లాడుకుని ఎర్రమల కొండల్లో గుహ చూడటానికి బయల్దేరారు. ఓదెలు రానన్నాడు. సైన్సు చెప్పి రిటైరైన సుగుణ టీచర్ వింటేగా! బస్సు కొండ కింద ఆగింది. అక్కడి నుంచి నాపరాళ్ల నేల మీద మైలు నడక. ఎటు చూసినా రేగు పొదలు, పండిన సీతాఫలాలు, పైన గిరికీలు కొడుతున్న గద్దలు. కిరాణా కొట్టు కొమురయ్య దారి పొడుగునా కాయలు కోసి చొక్కా పాడుచేసుకున్నాడు. టీచర్ కనిపించిన ప్రతి రాయినీ పలకరించింది.

గుహ నోటి దగ్గర ఓదెలు కాళ్లు ఆగిపోయాయి. చివరికి బస్సులో ఆడుకున్న పేక కట్ట తీసి మనిషికో ముక్క పంచాడు. ముక్క ఖాళీ మిఠాయి డబ్బాలో వేసి లోపలికి పోవాలి, పైకొచ్చాక ఎవరిది వాళ్లు తీసుకోవాలి. టీచర్‌కు ఇస్పేట్ రాణి, కొమురయ్యకు జోకర్. తన వంతుకు జేబులోంచి నన్ను తీసి వేశాడు.

“ఓదెలన్నా, ఇది గుహనా, నీ బొగ్గుబాయా?” అని కొమురయ్య ఎగతాళి చేశాడు. అందరూ పగలబడి నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు.

నేను డబ్బాలో ఉన్నాను గనక లోపలి వింతలు చూడలేదు. రెండు గంటల తర్వాత వాళ్లు బయటికొచ్చి చెప్పుకుంటుంటే విన్నాను. మర్రి ఊడల్లా దిగిన రాళ్లు, చుక్క చుక్కగా పడే నీళ్లు, గబ్బిలాలు. మజ్జిగ తాగి, ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు. ఆఖరున ఓదెలు డబ్బాలోకి చూశాడు. నా పక్కన ఇస్పేట్ రాణి ఉంది.

“టీచరమ్మ ముందే పోయి బస్సెక్కి ఉంటది,” అన్నాడు కొమురయ్య. ఆకలి మీదున్న వాళ్లు అప్పుడే వాలు దిగుతున్నారు.

ఆ మాటకు ఓదెలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నన్ను తీసుకోలేదు. “ఎవ్వరు కదలద్దు,” అన్నాడు. దారి చూపడానికొచ్చిన కొండ కింది ఊరి మద్దిలేటిని వెంటబెట్టుకుని, టార్చి పట్టుకుని మళ్లీ గుహలోకి దిగాడు.

ముప్పావు గంట గడిచింది. కొమురయ్య డబ్బా పక్కనే కూర్చుని గుహ వైపే చూస్తున్నాడు. నాకైతే ఓదెలు కూడా రాడేమోనని భయం వేసింది. చివరికి ఇద్దరి భుజాల మీద చేతులేసి టీచర్ కుంటుకుంటూ బయటికొచ్చింది. పువ్వుల్లా విచ్చుకున్న రాళ్లు చూద్దామని పక్క సందులో దూరిందట. కాలు మడతపడింది, ఫోన్ ఆరిపోయింది.

“గొంతు పోయేదాక ఒర్రిన,” అంది. “తర్వాత ఊకున్న. నా ముక్క డబ్బాల ఉన్నది గదా, ఓదెలన్న చూస్తడని ధైర్యం.”

ముక్క ఆమె చేతికిచ్చి, ఆమెను మోసుకుంటూ అందరూ బస్సు చేరారు. ఓదెలు అలసిపోయి కిటికీ పక్కన కూలబడ్డాడు. డ్రైవర్ తాళం తిప్పబోతుంటే, వెనక నుంచి డబ్బాతో ఎక్కిన కొమురయ్య ఆపాడు.

“బండి తియ్యకు. ఇంకో మనిషి పైకి రాలె.”

అందరూ తలలు లెక్కపెట్టుకున్నారు. పదకొండూ ఉన్నాయి. కొమురయ్య డబ్బా వంచి నన్ను చూపించాడు. ఈసారి అతని ముఖంలో ఎగతాళి లేదు.

“నంబరు చెప్పన్నా.”

ఓదెలు లేచి నిలబడ్డాడు. “నాలుగు వందల పదిహేడు,” అన్నాడు. నన్ను అరచేతిలోకి తీసుకుని, అందరి ముందూ ఏడ్చేశాడు. కాసేపటికి డ్రైవర్ మెల్లగా, పోదామా అని అడిగాడు.

ఓదెలు కళ్లు తుడుచుకుని, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా ఒక్కొక్కరి ముఖం చూశాడు.

“పోనియ్యి,” అన్నాడు. “అందరం వచ్చినం.”