అచ్చు తేదీ దాకా

నేను ఒక మాటల పెట్టెను. బజారులో నన్ను వాయిస్ రికార్డర్ అంటారు. చైనాలో ఏదో ఫ్యాక్టరీలో, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నాకు చెవీ నోరూ బిగించింది. ఎవరైనా మీట నొక్కితేనే వింటాను, నొక్కితేనే పలుకుతాను. మొదట నన్ను కొన్నది ఒక కాలేజీ లెక్చరర్. తన పాఠాలు తానే రికార్డు చేసుకుని, సాయంత్రం కళ్ళు మూసుకుని వింటూ మురిసిపోయేవాడు. విద్యార్థులకు లేని ఓపిక ఆయనకుండేది. చివరికి ఆయనకే విసుగొచ్చి నన్ను పరాంకుశంగారికి అమ్మేశాడు.

పరాంకుశంగారు హైదరాబాదులో విలేకరి. సైన్సు, ప్రభుత్వ విధానాలు, పేద దేశాల ఆరోగ్యం ఆయన రాతలకు సరుకు. పేదల ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడానికి మనుషులు ఎంతెంత ఖరీదైన హోటళ్ళు వెతుక్కుంటారో ఆయన జేబులోకి వచ్చాకే నాకు తెలిసింది. బల్ల మీద నన్ను పడుకోబెడితే ఆకలి గురించి ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడాడు, ఆ తర్వాత అందరూ భోజనానికి పరిగెత్తారు. క్షేత్రస్థాయి, క్షేత్రస్థాయి అన్న మాట ఆ ఒక్కరోజే నా కడుపులో డెబ్బైసార్లు పడింది. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో కాళ్ళకు మట్టి అంటినవాడు ఒక్కడూ లేడు.

ఒకరోజు డాక్టర్ పట్టాభి గదికి వెళ్ళాం. శ్రీకాకుళం వైపు కొబ్బరి తోటల ఊళ్ళలో, కారణం తెలియకుండా జనం కిడ్నీలు పాడవుతున్నాయి. దాని మీద ఆయన పరిశోధన. ఆయన కాగితాలు తిరగేస్తూ చెప్పాడు.

"ఈ ఊరు చూడండి. నూట పదిహేడో నమూనా. ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, కొబ్బరి దింపు పని. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ మూడు దాటింది, అంటే కిడ్నీలు దెబ్బతిన్నట్టే. వీడు నొప్పుల బిళ్ళలు మింగాడంటే ఆర్నెల్లలో డయాలసిస్‌కి వెళ్తాడు."

"అతనికి చెప్పారా సార్?"

"ఫలితాలు ఇంటింటికీ పంపే ఏర్పాటు మా ప్రాజెక్టులో లేదండీ. మీరు కూడా జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఎక్కడా అనకూడదు. ఎంబార్గో ఉంది."

ఎంబార్గో అంటే అచ్చు తేదీ వచ్చేదాకా నోరు మెదపనని విలేకరి ఇచ్చే మాట. పరాంకుశంగారు ఎన్నో మాటలు ఇచ్చి గాలికి వదిలేయడం నేను విన్నాను. ఈ మాటను మాత్రం తాళి కట్టినంత భక్తిగా పట్టుకున్నారు.

పై వారమే ఆ ఊరు వెళ్ళాం. కథకు మనిషి ముఖం ఒకటి కావాలట. దాలమ్మ అనే ఆవిడ ఇంటి అరుగు మీద నన్ను పెట్టారు. ఆమె పెద్ద కొడుకు ఆ జబ్బుతోనే పోయాడు.

"మొదట్నించి సెప్పమంతారా బాబూ, మా పెద్దోడు సచ్చిపోయిన కాడ్నించి సెప్పమంతారా? మునపటోల్లు అక్కడ్నించే సెప్పమన్నారు."

"మీ ఇష్టం అమ్మా," అన్నారు పరాంకుశంగారు. నన్ను మాత్రం ఇంకాస్త ఆమె దగ్గరికి జరిపారు.

ఆమె చెప్పింది. ఎన్నోసారో తెలియదు, ఎక్కడా తడబడలేదు. అయిపోయాక తను ఒక ప్రశ్న అడిగింది.

"దసరాల్లో డాక్టర్లు వొచ్చి మా సిన్నోడి నెత్తురు పట్టికెల్నారు. కాగితం పంపుతామన్నారు, పంపనేదు. పంపనేదంటే ఆడికేటీ నేదనే గదా బాబూ?"

ఊరంతా ఆ నమ్మకం మీదే బతుకుతోంది. కబురు రాలేదంటే రోగం లేదని. పెద్ద చదువులు చదివినవాళ్ళు రోగం కనిపెట్టి కూడా చెప్పకుండా ఊరుకుంటారని వాళ్ళ ఊహకు ఎలా అందుతుంది?

అప్పుడే ఆ చిన్న కొడుకు దుర్యోధన తోట నుంచి వచ్చాడు. చెట్టెక్కే మోకు గోడకు తగిలించి, అమ్మను మంచినీళ్ళు అడిగాడు. వయసు అడిగితే ఇరవయ్యారు అన్నాడు. ఏం పని అంటే కొబ్బరి దింపు అన్నాడు. నడుం పట్టుకుని జేబులోంచి నొప్పుల బిళ్ళ తీసి గుటుక్కున మింగాడు. పరాంకుశంగారు నోటుపుస్తకం వెనక్కి తిప్పి నూట పదిహేడో నమూనా వివరాలు చూసుకున్నారు. తర్వాత ఫోను తీసి, ఇంకోసారి నీళ్ళు తాగమని ఫొటో తీసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పట్టాభి మాటలు నా కడుపులోనే ఉన్నాయి. ఒక్క మీట నొక్కితే చాలు, ఆ అరుగు మీదే అన్నీ కక్కేసేదాన్ని.

"కాగితం సంగతి నేను కనుక్కుంటానమ్మా," అని పరాంకుశంగారు నన్ను జేబులో వేసుకున్నారు.

నాలుగు నెలలకు జర్నల్ వచ్చింది. అదే రోజు తెల్లవారేసరికి పరాంకుశంగారి వ్యాసమూ వచ్చింది. దాలమ్మ కన్నీళ్ళు ఉన్నాయి, కుర్రాడి ఫొటో ఉంది, వయసూ పనీతో సహా నూట పదిహేడో నమూనా లెక్క ఉంది. దానికి ఆయనకు బహుమతి ఇచ్చారు. గొంతు లేనివాళ్ళకు ఈయన గొంతు ఇచ్చాడని వేదిక మీద ఒకావిడ అంది. దాలమ్మ గొంతు నేను విన్నాను, ఖంగుమని ఉంటుంది. లేనిది వీళ్ళకు చెవులు.

తరువాయి కథ రాయాలని మళ్ళీ బయల్దేరాం. ఈసారి దాలమ్మ ఊళ్ళో దొరకలేదు, పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ గది బయట దొరికింది. లోపల దుర్యోధనను మిషనుకు కట్టారు. ఆయన బెంచీ మీద నన్ను పెట్టి మీట నొక్కి, "ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగారు.

ఆమె ఏడవలేదు.

"మా మేస్టరు మీ రాత సదివి సెప్పినారు. మావోడి లెక్క అందులో ఉందంట. ఆవేల మీరు మా అరుగు మీద కూకున్నారు, ఆడు నా ముందే బిల్ల మింగినాడు. ఆ లెక్క మీకెప్పుడు తెలిసింది బాబూ?"

పరాంకుశంగారి బొటనవేలు వచ్చి నా మీట నొక్కి నన్ను ఆపేసింది. ఆ తర్వాత ఆయన ఆమెకు ఏం చెప్పారో నాకు తెలియదు.