హ్యాండిల్‌కు కట్టిన కొమ్మ

పోలు ఎక్కడమంటే తనకు భయం లేదని ఎవడైనా అన్నాడంటే, వాడింకా పోలు ఎక్కలేదని అర్థం. జైసింగ్ ఏళ్ల తరబడి ఎక్కుతున్నాడు. జనగామ నుంచి దేవరుప్పుల దాకా, అటు జఫర్‌గఢ్ దాకా, కరెంటు స్తంభాల మీద వేలాడే నల్లటి ఇంటర్నెట్ కేబుల్లో అతని చెయ్యి పడని మూర లేదు. అయినా మొదటి మెట్టు మీద కాలు పెట్టినప్పుడల్లా కడుపులో ఏదో జారుతుంది. ఆ జారుడు ఉన్నన్నాళ్లూ తాను బతుకుతాననీ, అది పోయిన రోజు తానూ పోతాననీ అతని నమ్మకం. మొండి ధైర్యవంతులను అతను చూశాడు. వాళ్లలో ఒకడికి ఇప్పుడు మోచేతి కింద చెయ్యి లేదు.

ఆ భయానికి ఈ మధ్య ఇంకో భయం తోడైంది. దాని పేరు గణపతి.

గణపతి అతని బామ్మర్ది, భార్య సోమ్లీకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లది మానుకోట అవతల తండా. భూపాలపల్లి బొగ్గు బావుల్లో కాంట్రాక్టు పని చేసి, అది పోయాక అక్క ఇంటికి వచ్చి పడ్డాడు. "బావా, నీ ఎంబడి నేను గూడ పోలెక్కుత" అన్న రోజున సోమ్లీ ఇల్లు పీకి పందిరేసింది.

"భూమి లోపలికెల్లి బతికి బయటపడ్డోన్ని ఇప్పుడు ఆకాశంల ఏలాడదీస్తవా?"

చివరికి ఒప్పుకుంది గానీ, పొద్దున బండి కదిలే ముందు మొగుడి మొహంలోకి చూసి ఒకే మాట అంటుంది: "వాడు నా తమ్ముడు కాదు, నా పానం. యాదుంచుకో." వాళ్లు తమలో తాము మాట్లాడుకునేది తండా మాట. మనం తెలుగులో చెప్పుకుంటున్నాం గానీ, ఆ మాటకు వాళ్ల భాషలో ఉన్న పదును తెలుగులో రాదు.

ఆ రోజు లింగాల ఘనపూర్ దారిలో గడ్డి ట్రాక్టర్ ఒకటి కేబుల్‌ను తెంపుకుపోయింది. గడ్డి ట్రాక్టర్ల సంగతి తెలిసిందే, ఒక్క ట్రిప్పులో ఊరి గడ్డంతా తేవాలని చూస్తారు. కేబుల్ ఒక్కటే తెగితే అది పెద్ద పని కాదు. దాన్ని మోసే ఇనుప తీగ కూడా తెగి, విసురుగా పైకి లేచి, స్తంభాల మీది కరెంటు వైర్ల మీద పడి చిక్కుకుంది. ఆ కేబుల్ మీదే సెల్ టవర్ ఆధారపడి ఉంది కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఫోన్లన్నీ మూగబోయాయి.

ఇప్పుడు ఆ తీగను తీయాలంటే కరెంటు ఆపాలి. కరెంటు ఆపాలంటే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి అడగాలి. ఫోన్ కలవాలంటే ముందు కేబుల్ అతకాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

"సబ్‌స్టేషన్‌కు పోయి చెప్పొస్త" అన్నాడు జైసింగ్.

"పోయి వచ్చేవరకు మాపైతది బావా. సూపర్‌వైజర్ పొద్దుగాల బయల్దేరకముందే పానం తీసిండు. గా ట్రాన్స్‌ఫార్మర్ హ్యాండిల్ దించుదాం. ఊళ్ల అందరు గట్లనే చేస్తరు గద!"

అందరూ అలాగే చేస్తారన్నది నిజం. రోడ్డు నుంచి రెండు మళ్ల అవతల, పొలంలో ఈ వైర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని కింద మనిషికి అందే ఎత్తులో ఇనుప హ్యాండిల్. కిందికి దించితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీది వైర్లన్నీ చస్తాయి, పైకి లేపితే బతుకుతాయి. దానికి తాళం ఉండాలి, ఉండదు. ఫ్యూజు పోయిన రైతు లైన్‌మన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే మడి ఎండుతుంది, అందుకని ఎవరికి వారే దించుకుంటారు, లేపుకుంటారు. దానికొక కట్టుబాటు కూడా పెట్టుకున్నారు. హ్యాండిల్ దించినవాడు దానికో పచ్చి కొమ్మ కట్టాలి. కొమ్మ ఉందంటే పైన మనిషి ఉన్నాడని అర్థం. కట్టినవాడు తీసేదాకా ఇంకెవరూ దాన్ని ముట్టరు. ఏ ఆఫీసు బోర్డు కన్నా ఆ కొమ్మకే మర్యాద ఎక్కువ.

మామూలుగా వాళ్లు ముగ్గురు. మూడోవాడైన ధర్మా హ్యాండిల్ దగ్గర కాపలా కూర్చుంటాడు. ఆ రోజు అతను తల్లిని తీసుకుని దవాఖానకు పోయాడు. కాబట్టి కాపలా పని కొమ్మకే అప్పజెప్పారు. జైసింగ్ హ్యాండిల్ దించి, గట్టు మీద చేతికందిన సుబాబుల్ కొమ్మ విరిచి, గుడ్డ పేలికతో ముడేసి కట్టాడు. సుబాబుల్ ఆకంటే మేకలకు ప్రాణం, మేకలు కాసిన ఇంట్లో పుట్టినవాడు చేయవలసిన పని కాదది. కానీ ఆ క్షణాన అతని బుద్ధంతా కరెంటు మీద ఉంది, మేకల మీద లేదు.

ఉన్న ఒక్క నిచ్చెనా గణపతికి ఇచ్చి రోడ్డు అవతలి స్తంభం ఎక్కించాడు. తాను ఇవతలి స్తంభం కంతల్లో ఇనుప కడ్డీలు గుచ్చుకుంటూ ఎక్కాడు. టెస్టర్ పెట్టి చూశాడు, లైటు రాలేదు. అయినా నమ్మక, చేతి వెనుక వైపుతో వైరును ఒకసారి తాకాడు. అరచేత్తో తాకితే కరెంటు ఆ చేతిని ముడిచి పట్టేసుకుంటుంది, వెనుక వైపుతో తాకితే విదిలించి కొడుతుంది. విదిలించి కొట్టినా బతకొచ్చు.

వైరు చచ్చే ఉంది. నడుముకు బెల్టు తగిలించుకుని, ఇనుప తీగ కొసను రెండు చేతులా అందుకున్నాడు. రెండో కొస గణపతి చేతుల్లో ఉంది. నడిమి భాగం కరెంటు వైర్లను పెనవేసుకుని ఉంది. ఇటు నుంచి కొంత వదులు చేస్తూ, అటు నుంచి కొంత లాగుతూ చిక్కు తీయాలి. ఎవరో పక్క పొలంలో దమ్ము చేస్తున్నారు. ట్రాక్టర్ మోత చెవులను కప్పేసింది. గణపతి హెల్మెట్ కింద తువ్వాలతో చెవులు కూడా చుట్టుకుని, తల వంచి పనిలో మునిగిపోయాడు.

చిక్కు సగం వచ్చింది. చెమట తుడుచుకోవడానికి జైసింగ్ మొహం తిప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూపు పోయింది.

ఒక మేక వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఉంది. ముందు కాళ్లు హ్యాండిల్ ఇనుప గొట్టానికి ఆనించి, మెడ సాచి, తాపీగా నములుతోంది. హ్యాండిల్‌కు కొమ్మ లేదు. గుడ్డ పేలిక, దానికో బోడి పుల్ల మాత్రం మిగిలాయి. మేక వెనకాల, మడి గట్టు మీద, చీర కుచ్చిళ్లు ఎగదోపుకున్న ఆడమనిషి విసవిసా నడిచి వస్తోంది. ఆమె ఎటు పోతోందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. మోటారు ఆగింది, నాట్లేసిన మడికి నీళ్లు ఆగాయి, హ్యాండిల్ దిగి ఉంది, కొమ్మ లేదు. ఎవడో ఫ్యూజు వేసుకుని లేపడం మర్చిపోయాడని ఎవరైనా అనుకుంటారు.

జైసింగ్ ఆలోచించలేదు. చేతుల్లోని తీగను వదిలేశాడు.

వదిలాక గాని గుర్తు రాలేదు, దాని రెండో కొస ఎవరి చేతుల్లో ఉందో.

"గణపతీ! ఇడిషిపెట్టు! తీగ ఇడిషిపెట్టు!"

ట్రాక్టర్ మోతలో ఆ కేక గాలిలో కలిసిపోయింది. తీగ వదులు కావడంతో, బావ అటు పని కానిచ్చాడనుకున్నాడు గణపతి. తల ఎత్తకుండానే తీగను మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని మరింత బలంగా గుంజసాగాడు.

అది చూసి జైసింగ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. బెల్టు కొక్కెం తీయబోతే వేళ్లు పలకలేదు. రోజూ చూడకుండా తీసే కొక్కెం, ఇప్పుడు కళ్లు పెట్టి చూస్తున్నా దొరకడం లేదు. అది ఎట్లా ఊడిందో, తాను ఎట్లా దిగాడో అతనికి తెలియదు. సగం దిగి, మిగతాది దూకాడు. మోకాలు భగ్గుమంది. లేచి మడిలో పడి పరుగెత్తాడు. దమ్ము చేసిన మడి మనిషిని పరుగెత్తనిస్తుందా? ఒక కాలు పీకితే రెండోది దిగబడుతోంది. ఇన్నాళ్లూ తాను భయమనుకున్నది ఒట్టి జాగ్రత్త మాత్రమేనని, భయమంటే ఇదని, ఆ బురదలో అతనికి తెలిసింది. సోమ్లీ వాకిట్లో నిలబడి ఉన్నట్టు, బండి వెనక సీటు ఖాళీగా చూసి "వాడేడీ?" అని అడుగుతున్నట్టు కళ్లకు కట్టింది.

ఆమె హ్యాండిల్ దగ్గరికి చేరింది.

జైసింగ్ అరిచాడు. గొంతులోంచి వచ్చినవి తెలుగు మాటలు కావు. పుట్టినప్పటి నుంచీ ఉన్న మాటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు వస్తుంది. ఆమె తల తిప్పి చూసింది. లంబాడ మనిషొకడు బురదలో చేతులూపుకుంటూ ఏదో అరుస్తూ వస్తున్నాడు, తన మేక వాడి చేనులో పడి ఉంటుందనుకుంది. "ఆఁ ఆఁ, కొడుతున్న తియ్!" అన్నట్టు చెయ్యి ఊపి, మేకను కాలితో అదిలించి, మళ్లీ ఇటు తిరిగి హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకుంది.

జైసింగ్ తల మీది హెల్మెట్ పీకి, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది ఇనుప గొట్టానికి తగిలి ఠంగుమంది. ఆమె ఉలిక్కిపడి చేతులు తీసేసింది.

"నీ చేతులిరుగ! నా మీదనే ఇసురుతవారా?" అంటుండగానే అతను వచ్చి హ్యాండిల్ మీద పడ్డాడు. దాన్ని రెండు చేతులా కావలించుకుని, బరువంతా వేసి, అట్లాగే మోకాళ్ల మీద కూలబడ్డాడు. గడ్డంతో రోడ్డు అవతలి స్తంభం వైపు చూపించాడు.

ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. స్తంభం మీద, వైర్ల నడుమ, పసుపు హెల్మెట్ ఒకటి వంగి పనిచేసుకుంటోంది. తర్వాత హ్యాండిల్‌కు వేలాడుతున్న పేలికను చూసింది. పక్కనే ఇంకా దవడలు ఆడిస్తున్న మేకను చూసింది. ఆమె పేరు ఎల్లక్క, ఆ మడి ఆమెదే. మొగుడు పోయిన నాటి నుంచి మోటారూ ఫ్యూజులూ తానే చూసుకుంటున్న గట్టి మనిషి. అలాంటి మనిషి గట్టు మీద చతికిలబడింది.

"అయ్యో కొడుకా! ఆకు లేదని లేపబోయిన. నా చేతులతోనే... ఎవలు కన్న బిడ్డనో..." అంటూ ఆ చేతులను కొంగుకు తుడుచుకుంది. అంటనిదాన్ని ఎంత తుడిచినా ఏం పోతుంది? మళ్లీ మళ్లీ తుడుచుకుంటూనే ఉంది.

కాసేపటికి గణపతి వచ్చాడు. మణికట్టు మీద తీగ ఒరుసుకున్న ఎర్ర గీత ఉంది. మొహంలో విసుగు తప్ప ఇంకేం లేదు.

"ఏంది బావా, చెప్పకుంట తీగ ఇడిషినవ్? జర అయితే నిచ్చెన మీదికెల్లి పడుతుంటి. కిందికెందుకు దిగినవ్?"

అబద్ధం చెప్పడం తేలిక. చెయ్యి జారిందంటే నమ్మేస్తాడు. జైసింగ్ హ్యాండిల్ వదలకుండానే జరిగింది చెప్పాడు. మేక సంగతి, ఎల్లక్క సంగతి చెప్పాడు. ఆ తర్వాత అసలుది చెప్పాడు.

"ముందుగాల నేనే ఇడిషిన. నువ్వు పట్టుకున్నవని అప్పుడు యాదికి రాలె. భయమైంది గణపతీ. నా పానమే ముందుగాల యాదికొచ్చింది."

గణపతి మణికట్టు మీది గీతను బొటనవేలితో రుద్దుకున్నాడు. అతని పెదవులు పాలిపోయాయి. తాను ఎక్కిన స్తంభం వైపు, దాని మీంచి ఇంకా వేలాడుతున్న తీగ వైపు చూశాడు.

"అక్కకు చెప్పకు" అన్నాడు చివరికి. "చెప్తె ఇద్దర్ని ఇంట్ల ఏసి తాళమేస్తది."

పని సగంలోనే ఉంది. తీగను అట్లాగే వదిలేసి పోతే సాయంత్రానికి ఎవరో ఒకరు హ్యాండిల్ లేపుతారు, ఆ తీగ కొస దారిన పోయే బడి పిల్లల తలల మీద వేలాడుతుంది. ఎక్కక తప్పదు. కానీ జైసింగ్ చేతులు హ్యాండిల్‌ను విడిచి రావడం లేదు. తాను ఇక్కడ ఉంటే పైకి రెండో మనిషి లేడు, తాను పైకి పోతే ఇక్కడ మనిషి లేడు.

అప్పుడు ఎల్లక్క లేచింది. మేకను తీసుకుపోయి దూరంగా కంప కంచెకు కట్టేసి వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కింద కొంగు పరిచి, హ్యాండిల్‌కు వీపు ఆనించి కూర్చుంది.

"పోండ్రి. కొమ్మనయితే మేక తింటది, నన్నేం తింటది? మీరిద్దరు దిగొచ్చి నా ముంగట నిలవడెదాక ఎవడొచ్చి లేపుతడో నేను సూస్త."

"నీ మడి ఎండుతది గదనే అవ్వా" అన్నాడు జైసింగ్.

"ఎండనీ. మల్ల నాటేస్త."

ఇద్దరూ వెళ్లి ఎవరి స్తంభం వాళ్లు ఎక్కారు. పైకి చేరాక జైసింగ్ వైరును చేతి వెనుక వైపుతో తాకి, మళ్లీ తాకి, ఎల్లక్క కూర్చునే ఉందో లేదో తిరిగి చూసుకుని, అప్పుడు తీగ అందుకున్నాడు. ఈసారి గణపతి తువ్వాల విప్పేశాడు. తీగ గుంజే ముందు ప్రతిసారీ తలెత్తి బావ మొహంలోకి చూశాడు. చిక్కు వచ్చేసింది. తీగ రెండు స్తంభాల నడుమ కరెంటు వైర్ల కిందుగా బిగిసింది. జైసింగ్ వైపు బోల్టు అప్పటికే పడింది. గణపతి తన వైపుదీ బిగించి చెయ్యి ఊపాడు.

"అయింది బావా, ఇగ ఇడువు!"

జైసింగ్ వదలలేదు.

"ఇడువు బావా! గట్టిగనే ఉంది!"

వినబడుతూనే ఉంది. వదలాలనే ఉంది. వేళ్లు మాత్రం విడివడలేదు. గణపతి నిచ్చెన దిగి, రోడ్డు దాటి, ఈ స్తంభం ఎక్కి వచ్చి, ఒక్కొక్క వేలే విప్పాడు.