జొన్నల పాతర

నాగజ్యోతి ఆ ఇంటి గురించి అనితకు అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప.

ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు పోయే దారిలో ఉంది వాళ్ల తోట. ముత్తాత నాటిన బేనీషా మామిడి చెట్లు ఎనభై దాకా ఉంటాయి. వాటి నడుమ నాపరాళ్లతో కట్టిన పాత మిద్దె. కొత్త రోడ్డు ఈ తోట మీదుగానే పోతుందని మొన్న ఎవరో వచ్చి గుర్తు రాళ్లు పాతి వెళ్లారు. కాపాడుకోదగ్గ పాత కట్టడమని తెలిసినవాళ్లు రాసిస్తే రోడ్డు పక్కకు జరగొచ్చని విని, నంద్యాల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే అనితను నాగజ్యోతే పిలిపించుకుంది.

అనిత పొద్దుటి నుంచి టేపు పట్టుకుని గోడలు కొలుస్తోంది. మూరన్నర మందం గోడలనూ, చౌడుమన్ను పరిచిన పైకప్పునూ చూసి మురిసిపోతోంది. పశువుల కొట్టంలోకి అడుగుపెట్టాక ఒకచోట ఆమె కాలి కింద బండ బోలుగా మోగింది.

"దీని కింద ఏముందక్కా?"

నాగజ్యోతి గబుక్కున గుమ్మం వైపు తిరిగింది. "ఏం లేదులేమ్మా. ఈడ దుమ్ము. అరుగు మీద కూర్చో, మజ్జిగ తెస్తా."

అనిత వెనకాలే వస్తోందనుకుంది. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి అరుగు ఖాళీ. కొట్టం వైపు పరుగెత్తింది. గుండ్రటి బండ పక్కకు జరిగి ఉంది. దాని మీద గడ్డపార. కింద తెరుచుకున్న నల్లటి నోటిలోంచి సెల్‌ఫోన్ వెలుతురు.

"అక్కా, జొన్నల పాతర!" లోపలి నుంచి అనిత గొంతు సంబరంగా వినిపించింది. "ఇంత చెక్కుచెదరంది నేను యాడా చూళ్లేదు. దిగేదానికి గోడకు గుంతలు గూడా పెట్టినారు."

గ్లాసు జారిపోయింది. నాగజ్యోతికి తొమ్మిదేళ్లప్పుడు, జొన్నలు దాచడానికి తవ్వి, ఏళ్ల తరబడి మూసి ఉన్న ఈ పాతరను తెరిచి చిన్నాన్న దిగాడు. పిలిస్తే పలకలేదు. తమ్ముణ్ని తీయాలని నాయన దిగాడు. ఆయనా పలకలేదు. మూసిన పాతరలో గాలి చెడి ఉంటుందనీ, దీపం దించి చూడకుండా దిగకూడదనీ పెద్దలు ఆ తర్వాత చెప్పుకున్నారు. బండ మూసేశారు. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"పైకి రా! బిరీన రా!" నాగజ్యోతి కీచుమంది.

"వస్తాండా అక్కా, ఒక్క ఫోటో..." మాట సాగిపోయింది. "తల... తిరుగుతాంది."

ఫోన్ కిందపడి వెలుతురు గోడ మీదికి తిరిగింది.

ఎప్పుడు కూర్చుందో, ఎప్పుడు కాళ్లు పాతరలోకి వేలాడేసిందో నాగజ్యోతికే తెలియదు. వెనక నుంచి ఎవరో జబ్బ పట్టి లాగారు. భీమన్న. నల్లమల చెంచు గూడెం నుంచి వచ్చి నలభై ఏళ్లుగా ఆ తోట చూస్తున్నవాడు. ఆమె అరుపు విని పాదులు తవ్వుతున్న పార వదిలేసి వచ్చాడు.

"మీ నాయన మాదిరే పోతాండావ్ జ్యోతమ్మా! దిగొద్దు. కొమ్మలు ఇరుసుకొనిరా!"

ఆమె ఏడుస్తూనే మామిడి కొమ్మలు విరిచి తెచ్చింది. వాటిని మోపు కట్టి, పాతరలోకి దించి పైకీ కిందికీ ఊపమన్నాడు. చెడ్డగాలి కదిలితే మంచిగాలి లోపలికి పోతుంది. కొండ చరియల్లో తాడుకు వేలాడి తేనె తీసిన చేతులు ఆయనవి. కొట్టం మూలనున్న మోకు తాడుకు గబగబా ఉచ్చు వేసి లోపలికి విడిచాడు.

నాగజ్యోతి బోర్లా పడుకుని తల లోపలికి వంచింది. "అనితా! చేతులు దూర్చు! ఇంటాండావా? సంకల కింద ఏసుకో!"

కొమ్మలు ఊపుతూనే ఉంది. అరచేతులు చీరుకుపోయాయి. లోపలి నిశ్శబ్దం చిన్నప్పుడు విన్న నిశ్శబ్దమే. కాసేపటికి సన్నగా ఒక మూలుగు. ఒక చెయ్యి తాడును తడిమి జారిపోయింది. మళ్లీ తడిమింది. మూడోసారి రెండు చేతులూ ఉచ్చులోకి దూరాయి. ఆ వెంటనే తల వాలిపోయింది.

ఇద్దరూ కలిసి లాగారు. పాతర నోరు ఇరుకు. అనిత భుజాలు రాతికి గీసుకుని రక్తం కారింది. బయట పడుకోబెడితే ఊపిరి ఉందో లేదో తెలియలేదు. నాగజ్యోతి ఆమె చెంపలు వాయించింది. రెండో దెబ్బకో మూడో దెబ్బకో అనిత దగ్గి, కక్కుకుని, కళ్లు తెరిచింది.

సాయంత్రం ఆళ్లగడ్డ ఆసుపత్రిలో నాగజ్యోతి ఆమె మంచం పక్కన కూర్చుంది. "రేపే దాన్ని మట్టిపోసి పూడిపిస్తా. ఇల్లు పోతే పోనీ."

అనిత నీరసంగా అంది: "ముందే చెప్పింటే దిగేదాన్నే కాదక్కా."

ఆ మాటకు నాగజ్యోతి తల దించుకుంది. నాయన ఎలా పోయాడో మొదటిసారిగా నోరు విప్పి చెప్పింది. చిన్నాన్న పేరు, నాయన పేరు, ఆ సంవత్సరం. అనిత అడిగి అన్నీ కాగితం మీద రాసుకుంది.

పాతరను పూడ్చలేదు. కర్రకు టేపు కట్టి పైనుంచే కొలిచారు. పాతరతో సహా ఆ ఇల్లు కాపాడుకోదగ్గదని అనిత రాసిచ్చింది. నాలుగు నెలలకు రోడ్డు పడమటి వైపుకు జరిగింది. పదకొండు చెట్లు పోయాయి. మిద్దె నిలిచింది. పాతర నోటికి ఇనుప జాలీ బిగించారు.

ఇప్పుడు కాలేజీ పిల్లలు ఆ ఇల్లు చూడటానికి వస్తుంటారు. నాగజ్యోతి ఒంటరిగా కొట్టంలోకి ఈనాటికీ పోలేదు. పిల్లలు వెంట ఉంటేనే, అదీ గడప దగ్గరే ఆగి, ద్వారబంధం పట్టుకుని చెబుతుంది. "ముందు ఈ మాట ఇనండి. ఈడ మా నాయన పోయినాడు, మా చిన్నాయన పోయినాడు." ఆపైన ఇద్దరి పేర్లూ, ఆ సంవత్సరమూ చెబుతుంది. ఎవరు వచ్చినా ఆ మాట చెప్పడం మానదు.