కండె మార్చినప్పుడల్లా

మా బాపు సదానందం మొండిఘటం. తెలుగు నేల వదిలి వచ్చి, బమ్రోలి మగ్గాల పేటలో ముప్పై ఏళ్లు ఎనిమిది పవర్‌లూమ్ మగ్గాల మధ్య నిలబడి పనిచేశాడు. కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. 2020 ఏప్రిల్‌లో కావాల్సిన ఆపరేషన్ లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. మగ్గాలు మళ్లీ నడిచాక వెళితే, తొడలో బలమే లేదన్నాడు డాక్టర్. కాలు చాపి పైకెత్తి నిలపగలిగితేనే తేదీ ఇస్తానని, వ్యాయామాల కాగితం చేతిలో పెట్టాడు. ఆపరేషన్ కాకపోతే బాపు ఇక ఎక్కువ రోజులు మగ్గం దగ్గర నిలబడలేడు. వేరే పని ఆయనకు రాదు.

కాగితంలో ఉన్నదంతా చేశాడు. వారానికే మోకాలు వాచింది. సరిగ్గా చేయట్లేదని నేను తిట్టిపోశాను.

"జేస్తున్ననే సంతోషీ. ఏందే, గిట్ల మీదవడ్తవ్" అన్నాడు.

ఆసుపత్రిలో ఆ వాపు చూసిన ఫిజియోథెరపిస్టు అనురాధ, పక్కనే ఉన్న ఆల్థాన్‌లో పెరిగిన తెలుగమ్మాయి. ఆమె తిట్టలేదు. "ఎట్ల జేస్తున్నరో జర చూపెట్టున్రి కాకా" అంది. బాపు టకటకా కాలు ఎత్తి దించాడు, క్షణానికి రెండుసార్లు. అది మగ్గం వేగం. ఇన్నేళ్లు చెవిలో మోగిన చప్పుడుకే ఆయన లెక్కపెడుతున్నాడు.

మరునాడు ఆమె మాస్కు కట్టుకుని కార్ఖానాకే వెళ్లింది. ఆ మోతలో గంటసేపు బాపు పక్కన నిలబడి పని చూసింది. తర్వాత కాగితంలో సగం కొట్టేసింది.

"మిషిని చప్పుడుకు లెక్కవెట్టకున్రి కాకా. దారం అయిపోయి కొత్త కండె పెట్టినప్పుడల్లా, మగ్గం పక్కన చెక్క పట్టుకొని తొడ బిగించున్రి. ఐదుసార్లు ఊపిరి తీసి ఇడిశేదాక. గంతే."

తెగిన పోగులు ముడేయడానికి గొంతుక్కూర్చోవద్దని ఎత్తు స్టూలు కూడా పెట్టించింది. కండెలు మారిస్తే కాళ్లు బాగవుతాయా అని నేను వెక్కిరించాను.

మూడు నెలల తర్వాత డాక్టర్ బాపును పడుకోబెట్టి కాలు ఎత్తమన్నాడు. కాలు మోకాలి దగ్గర వంగకుండా లేచింది. వణికింది కానీ పడలేదు. డాక్టర్ "బస్ కాకా, బస్" అని, ఇక చాలన్నట్టు చెయ్యి చూపి, నవ్వి తేదీ రాసిచ్చాడు.

బయటికి రాగానే ఏడ్చేశాను. అనురాధ చదువు గొప్పదన్నాను.

"సదువొక్కటే గాదు బిడ్డా. గా పిల్ల అచ్చి గంటసేపు నా పక్కన నిలవడ్డది. ముప్పై ఏండ్లల్ల నా పని సూడనీకి ఎవ్వరు రాలే" అన్నాడు బాపు.

నేను రోజూ కార్ఖానా గేటు దాకా వెళ్లి అన్నం డబ్బా ఇచ్చి వచ్చేదాన్ని. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు.