చిన్న సెట్టు

ఆదోనిలో పత్తి బేరం తెలిసినవాళ్ళకు కొదవలేదు గానీ, తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని చెన్నకేశవులు నమ్మకం. మార్కెట్ యార్డు ఎదురుగా ఆయనది కమీషన్ దుకాణం. ధర ఎక్కుతున్నప్పుడు ఎగబడి కొనేవాడు వెర్రివాడని, కొత్త సరుకు దిగి ధర పడేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాడే వ్యాపారి అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పేవాడు. పత్తి విషయంలో ఆ మాట చాలాసార్లు నిజమైంది కూడా. దాంతో లోకంలో సరుకంతా పత్తిలాగే నడుస్తుందని అనుకున్నాడు మహానుభావుడు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాట. సెల్లు చెవిలో దోపుకుని వినే పాట కాదు. దానికోసం మేడ మీద ప్రత్యేకంగా ఒక గది, బెంగళూరు నుంచి తెప్పించిన యాంప్లిఫయరు, మనిషి ఛాతీ ఎత్తు స్పీకర్లు! శబ్దం గోడలకు తగిలి తిరిగొస్తోందని, గోడల నిండా వేలాడదీయడానికి ఎమ్మిగనూరులో మందపాటి జంపఖానాలు నేయించాడు. వాటిని నేసినవాడూ, తెచ్చి మేకులు కొట్టి తగిలించినవాడూ దుర్గప్ప.

పని కుదిరిందో లేదో చూద్దామని ఆ రోజు చెన్నకేశవులు సారంగి కచేరీ రికార్డు ఒకటి పెట్టాడు. దుర్గప్ప చేతిలో సుత్తి పట్టుకునే నిలబడి చివరిదాకా విన్నాడు. "వాయించే ఆయప్ప ఊపిరి తీసుకునేది గూడా ఇనపడతాందన్నా" అన్నాడు. అంతే, చెన్నకేశవులు ఆ మాటకు పడిపోయాడు. ఇంట్లో భార్య ఈశ్వరమ్మకు ఆ డబ్బాల మీద పేరుకునే దుమ్ము తప్ప ఇంకేమీ కనపడదు. సాటి వ్యాపారులు వచ్చినా రెండు నిమిషాలు తల ఊపి, "బాగుందప్పా, ఎంత పడింది?" అంటారు. ఊపిరి విన్నవాడు ఇన్నాళ్ళకు దొరికాడు.

ఇంక ఆదివారం వచ్చిందంటే దుర్గప్ప ఎమ్మిగనూరు బస్సు దిగి నేరుగా మేడ ఎక్కడమే. ఈశ్వరమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పైకి పంపేది. ఇద్దరూ నోరు కట్టేసుకుని వినేవాళ్ళు. అయిపోయాక దాని మీదే పోట్లాడుకునేవాళ్ళు. వారమంతా యార్డులో ధూళి మింగే చెన్నకేశవులు ఆ పూట కోసమే బతికేవాడంటే అబద్ధం కాదు.

ఏడాది తిరిగేసరికి దుర్గప్ప తన మనసులో మాట బయటపెట్టాడు. "నాకూ ఒకటి కావాలన్నా. ఇంతది గాదు. నువ్వు మొదట్ల కొనింటివే, ఆ సిన్న సెట్టు. మగ్గం దిగినాక ఇంట్ల కూసోని ఇనుకుంటా. దుడ్లు గూడా కూడబెట్టినా."

కొత్తవాళ్ళ కోసమని కంపెనీ ఆ చిన్న సెట్టు చేసేది. అప్పట్లో దాని ధర ముప్పై వేల లోపే. చెన్నకేశవులు సంతోషించాల్సిందే గానీ, ముందు తన ఆదివారాలు గుర్తొచ్చాయి. ఇంట్లో సెట్టు ఉన్నవాడు ప్రతి ఆదివారం బస్సెక్కి ఇంత దూరం ఎందుకొస్తాడు? ఆ ఆలోచన పూర్తవకముందే నోరు తన పని తాను చేసేసింది.

"ఇప్పుడొద్దప్పా. ధర మీదుంది. దసరా పోనీ, దిగుతాది."

పత్తి సంగతి ఎరిగినవాడి మాట కదా, దుర్గప్ప తల ఊపాడు. దసరా పోయింది, ధర ఇంకో ఎనిమిది వేలు ఎక్కింది. "ఎక్కింది దిగక యాడికి పోతాది" అన్నాడు చెన్నకేశవులు. మరుసటేడు మళ్ళీ ఎక్కింది. బెంగళూరు అంగడివాడు ఫోన్లో ఒకసారి డాలరు అన్నాడు, ఒకసారి ఓడ బాడుగ అన్నాడు, ఇంకోసారి కంపెనీ చేతులు మారింది అన్నాడు. ఇది పత్తి కాదని, కొత్త పంట వచ్చి యార్డులో కుప్పలు పడే సరుకు కాదని చెన్నకేశవులుకు రెండో ఏడే అర్థమైంది. అయినా ఆగమనే చెప్పాడు.

"దుర్గప్ప కొనుక్కుంటే మీ డబ్బాలు ఇనేకి ఎవురొస్తారులే పాపం" అని ఈశ్వరమ్మ ఒకసారి నవ్వుతూ అంది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. నిజం కాకపోతే అంత కోపం ఎందుకొస్తుంది?

అంతకంటే అన్యాయం ఇంకొకటి జరిగింది. పెద్ద యాంప్లిఫయరు కొత్త మోడల్ వచ్చిందని చెన్నకేశవులు దానికి ఆర్డరు చెప్పాడు. పాతది ఏదన్నా ఇస్తే ధరలో కొంత తగ్గిస్తామన్నాడు అంగడివాడు. అటక మీద తన మొదటి చిన్న సెట్టు ఉంది. దాన్ని కిందికి దించింది దుర్గప్పే. భుజం మీది తువ్వాలతో తుడిచి అట్టపెట్టెలో పెడుతూ, "ఇది ఇంకా పలుకుతాదా అన్నా?" అని అడిగాడు.

"పాతదప్పా, గరగరమంటాది. నీకెందుకు, కొత్తదే తీసుకుందాంలే" అన్నాడు చెన్నకేశవులు. అది గరగరమనడం ఆయన ఏనాడూ వినలేదు. దుర్గప్ప పెట్టెకు తాడు గట్టిగా బిగించాడు.

పోయిన చలికాలంలో దుర్గప్ప వస్తూనే, "ఇంక ఆగేది లేదన్నా. ఎంతైనా గానీ, ఈ పొద్దే సెప్పేయ్" అన్నాడు. తప్పించుకునే దారి లేక చెన్నకేశవులు అతని ఎదురుగానే ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టాడు.

"ఆ చిన్నది ఆపేశారు సార్" అన్నాడు అంగడివాడు తీరిగ్గా. "ఇప్పుడు మొదలయ్యేదే రెండు లక్షల నలభై. చిన్నవి చేస్తే ఏం మిగలదంట కంపెనీకి. పెద్దవైతే మీలాంటోళ్ళు ఎంత చెప్పినా తీసుకుంటారు కదా."

"అంటే మా మాదిరోళ్ళకు ఇంక లేదన్నమాట" అన్నాడు దుర్గప్ప. కోపంగా అనలేదు. ఈ పూటకు ఇంక బస్సు లేదని ఎలా అంటారో అలా అన్నాడు. ఆ పూట పాట పెట్టినా ఇద్దరికీ ఎక్కలేదు.

చెన్నకేశవులుకు అప్పుడు సిగ్గేసింది. వాడిన సెట్టు ఎక్కడైనా దొరుకుతుందేమోనని బళ్ళారికి, కర్నూలుకు, హైదరాబాదుకు ఫోన్లు చేశాడు. ఉన్నవాళ్ళు అమ్మనన్నారు. అమ్ముతామన్నవాళ్ళు ఒకప్పటి కొత్తదాని ధరకు రెండింతలు చెప్పారు. ఆ ఆదివారం దుర్గప్ప రాలేదు. ఆ పై ఆదివారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే పనుందన్నాడు.

తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం దుకాణానికే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కర్నూలులో నర్సు పని చేసే కూతురు హేమ, అరచేతిలో పట్టేంత స్పీకరు ఒకటి కొనిచ్చిందట. సెల్లుకు కలుపుకుంటే పాడుతుందట.

"ఎట్లుందప్పా?" అని అడిగాడు చెన్నకేశవులు.

"మొదటి దినం రేకు డబ్బాల రాళ్ళేసి ఊపినట్లుండె. నీ కాడ ఇన్న సెవులు గదా, ఒప్పుకోల్యా. పారేద్దామనుకున్నా. పాప మనసు నొచ్చుకుంటాదని పెట్టుకున్నా. రెండు వారాలు ఈడికి రాకుండా దాన్నే ఇంటే, ఇప్పుడు పాట మాదిరే ఇనపడతాంది."

చెన్నకేశవులు మనసు తేలికపడింది. "మంచిదే గదప్పా! ఆదివారం రా, షెహనాయి కచేరీ ఒకటి తెప్పించినా."

"రానన్నా."

"ఏం, నా మీద కోపమా?"

"కోపమెందుకు? ఈడ ఒక్కసారి ఇంటే ఆడ మళ్ళీ రాళ్ళే. నాకుండేది అదొక్కటే గదా. దాన్ని పోగొట్టుకోలేను."

"అయితే నా సెట్టే ఎత్తుకపో" అన్నాడు చెన్నకేశవులు. ఆ క్షణాన నిజంగానే అన్నాడు.

"దాన్ని పెట్టాలంటే మా ఇంట్ల మగ్గం తీసేయాల" అని దుర్గప్ప నవ్వాడు. "ఈశ్వరమ్మక్కను సూసేకి వస్తాంటాలే. బువ్వ తిని పోతా. మేడ మాత్రం ఎక్కను."

రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు హారన్ వినపడగానే లేచి పరుగెత్తాడు. చెన్నకేశవులుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎదురుగా రైతులు కూర్చుని ఉన్నారు. పత్తి ధూళి పడిందని చెప్పి లోపలికి వెళ్ళాడు.