పెద్దాయన ఫోను

సైరన్ కొట్టకుండానే గ్రానైట్ క్వారీలో మందు పేల్చారు. కొండ కింద గొర్రెలు మేపుకుంటున్న వెంకటేష్ రాళ్ల కింద నలిగి చచ్చిపోయాడు. కంట్రాక్టర్ మనుషులు శవాన్ని దూరంగా ఈడ్చుకెళ్లి, బండ మీది నుంచి కాలుజారి పడ్డాడని పోలీసులకు చెప్పారు. ఆ ఈడ్వడమంతా వెంకటేష్ పెళ్లాం మునీశ్వరి పొదచాటు నుంచి ఫోనులో వీడియో తీసింది.

మరునాటికి మా బైరెడ్డిపల్లెలో, చుట్టుపక్కల ఊళ్లలో సిగ్నల్ లేదు. టవర్ రిపేరన్నారు. రోడ్డు మీద పోలీసులు జీపు అడ్డం పెట్టి, ఊరు దాటేవాళ్ల ఫోన్లు లాక్కున్నారు. దొంగచేతికి తాళాలిచ్చినట్టుంది ప్రభుత్వం తీరు.

అంగళ్లు అనే ఊళ్లో కాలేజీలో చదివే మా ఊరి పిల్ల జాహ్నవి దారి చెప్పింది. టవరూ నెట్టూ లేకున్నా, వైఫై ఆన్ చేస్తే పక్కపక్క ఫోన్లు ఒకదానికొకటి వీడియో అందించుకుంటాయంది. అందుకు కావలసిన యాప్‌ను తన ఫోను నుంచే అందరికీ ఎక్కించింది. ఇందులో ఏ ఒక్క ఫోనూ మిగతావాటికి పెద్ద కాకూడదని, అది పోతే అన్నీ పోతాయని హెచ్చరించింది. మాకు ఆ మాటే తలకెక్కలేదు. మంద తోలాలన్నా, పెళ్లి కుదరాలన్నా మా ఊరి పెద్ద రంగప్ప సరేననాలి. పెద్దాయన్ని పక్కనబెడతావా అని పిల్లనే తిట్టి, అందరం ఆయన ఫోను హాట్‌స్పాట్‌కే తగులుకున్నాం. మునీశ్వరి వీడియో ఆయనకు పంపింది. దాన్ని అందరికీ పంచడానికి ఆయన మాట కోసం కూర్చున్నాం.

పోలీసులు వచ్చి ముందు రంగప్పనే పట్టుకుపోయారు. ఆయన ఫోను పోయింది, మా ఫోన్లన్నీ మూగబోయాయి. స్టేషన్ నుంచి ఆయన శవం తిరిగొచ్చింది. గుండె ఆగిందన్నారు. ఆయన వీపు చూసినవాళ్లెవరూ నమ్మలేదు.

శవం దగ్గర, ఇక ఊరి పెద్ద ఎవరని ఎవరో అడిగారు. మునీశ్వరి కళ్లు తుడుచుకుంది.

"ఎవురూ వద్దప్పా. పెద్దను పెట్టుకుంటే వాళ్లకు పట్టుకునేదానికి ఒక మెడ దొరుకుతాది. జాహ్నవమ్మా, నువ్వు సెప్పినట్టే పెట్టు."

తెల్లారి పాడె వెనక నడిచిన ప్రతి ఒక్కరి జేబులో, కొంగులో ఫోను ఉంది. ప్రతి ఫోనులో వీడియో ఉంది, వైఫై ఆన్ చేసి ఉంది. జీపు దగ్గర మమ్మల్ని ఆపేశారు. జీపుకు ఆ పక్కన, చావుకని వచ్చిన పక్కూరు గంగవరం జనం ఆగిపోయి ఉన్నారు. వాళ్లలో మా చుట్టాలకు, సినిమాలు పంచుకునేందుకని పోయిన పండగప్పుడే జాహ్నవి ఆ యాప్ ఎక్కించి ఉంది. ఎస్సై మునీశ్వరి ఫోను లాక్కుని బూటుతో నలిపేశాడు. మీ పెద్ద ఎవడని అరిచాడు.

"నిన్ననే సంపితిరి గదా సార్," అంది మునీశ్వరి.

అంతలో జీపుకు ఆ పక్క ఒక ఫోనులోంచి కంట్రాక్టర్ మనిషి గొంతు వినబడింది, కాళ్లు పట్టి ఈడ్వరా అని. తర్వాత ఇంకో ఫోనులోంచి. తర్వాత ఆ జనమంతటిలోంచి. ఎస్సై అటు తిరిగేసరికి గంగవరం వాళ్లు జీపును దాటుకుని వచ్చి పాడెకు భుజం పట్టారు.